ప్లే ఎక్కడుందో చూడకుండా బాక్స్ మార్చడమా?

పాత లారీ స్టీరింగ్‌లో కాస్త ప్లే, అంటే చక్రాలు కదలకుండా స్టీరింగ్ ఖాళీగా తిరగడం, కనపడితే చాలు, "స్టీరింగ్ బాక్స్ పోయిందండీ, పీకేసి పవర్ స్టీరింగ్ వేయించెయ్యండి" అనడం షెడ్డుల్లో పరిపాటైపోయింది. ప్రాణాలతో చెలగాటమెందుకన్న మాట కూడా కలిపితే ఓనరు ఇక నోరెత్తడు. 1954లో టెల్కో, డైమ్లర్-బెంజ్ ఒప్పందంతో జంషెడ్‌పూర్‌లో తయారీ మొదలైన టాటా-మెర్సిడెస్ లారీలను అపురూపంగా కాపాడుకుంటున్నవాళ్లకూ ఇదే సలహా. నా దృష్టిలో ఇది తప్పుడు సలహా. తప్పెక్కడుందో వెతికే పని ఎగ్గొట్టడానికి భద్రతను అడ్డం పెట్టుకోవడం.

భద్రత మాటే తీసుకుందాం. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 98వది, స్టీరింగ్ మీద ప్లే 30 డిగ్రీలు మించకూడదంటుంది. అర మీటరు వ్యాసమున్న స్టీరింగ్ అంచు మీద అది దాదాపు 13 సెంటీమీటర్లు. అంతకు మించితే బండి రోడ్డెక్కకూడదు, అందులో పేచీ లేదు. కానీ ఆ ప్లే అంతా బాక్స్‌లోనే పుట్టిందని ఎవరు తేల్చారు? బాక్స్‌కీ టైరుకీ మధ్య డ్రాగ్ లింక్, బాల్ జాయింట్లు, టై రాడ్, కింగ్ పిన్‌లు ఉన్నాయి. తిలాపాపం తలా పిడికెడు. శిక్ష మాత్రం బాక్స్ ఒక్కదానికే!

తేల్చుకోవడానికి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. ఇంజన్ ఆపి, వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, ఒకరు క్యాబిన్‌లో కూచుని స్టీరింగ్‌ని అటూ ఇటూ కొద్దికొద్దిగా ఆడించాలి. ఇంకొకరు కిందికి దూరి బాక్స్ నుంచి వచ్చి డ్రాగ్ లింక్‌ను కదిపే డ్రాప్ ఆర్మ్ మీద చెయ్యి వెయ్యాలి. బాక్స్‌లోకి వెళ్లే షాఫ్ట్ తిరుగుతున్నా డ్రాప్ ఆర్మ్ కదలకపోతే తప్పు బాక్స్‌దే. డ్రాప్ ఆర్మ్ కదిలి డ్రాగ్ లింక్ కదలకపోతే బాల్ జాయింట్‌ది. ఈ వైపు చక్రం కదిలి ఆ వైపుది వెనకబడితే టై రాడ్ ఎండ్‌లది. జాకీ ఎత్తి టైరును పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. బ్రేకు తొక్కి పట్టగానే ఊపు ఆగిపోతే వీల్ బేరింగ్, ఆగకపోతే కింగ్ పిన్. ఒక్కోసారి బాక్సే ఛాసిస్ మీద కదులుతుంటుంది. అప్పుడు కావాల్సింది కొత్త బాక్స్ కాదు, స్పానర్.

సరే, తప్పు బాక్స్‌దే అని తేలింది. అప్పుడైనా ముందు చేయాల్సింది విప్పి చూడడం. డ్రాప్ ఆర్మ్‌ని తిప్పే సెక్టార్ షాఫ్ట్ బుష్ అరిగి షాఫ్ట్ ఊగుతుంటే ఎన్ని ఆయిల్ సీళ్లు మార్చినా కారుతూనే ఉంటుంది. కారుతోందని లోపల గ్రీజు కూరేవాళ్లున్నారు. గ్రీజు ఒకసారి పక్కకు జరిగిందంటే అక్కడే ఉండిపోతుంది, ఆయిల్‌లా మళ్లీ పళ్ల మధ్యకి రాదు. లేత్ మీద బుష్ తీయించి, షాఫ్ట్ కొలతకు రీమర్ కొట్టించి, బేరింగులూ సీలూ కొత్తవి వేస్తే చాలా బాక్సులు మళ్లీ పనికొస్తాయి.

మరమ్మతంటే బాక్స్ మీది అడ్జస్టింగ్ స్క్రూ బిగించడమనుకునేవాళ్లతోనూ నాకు పొత్తు లేదు. బండి ఎక్కువసేపు తిన్నగానే పోతుంది కాబట్టి బాక్స్ మధ్యలోనే ఎక్కువ అరుగుతుంది. అక్కడి ప్లేని స్క్రూతో అణిచేస్తే మలుపులో అరగని పళ్లు పట్టేస్తాయి. తిప్పిన స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు. ముందు బాక్స్ లోపల స్టీరింగ్ షాఫ్ట్‌తో తిరిగే వార్మ్ బేరింగుల బిగువు సరిచెయ్యాలి. ఆ తర్వాతే, డ్రాగ్ లింక్ విప్పి, బాక్స్‌ని సరిగ్గా మధ్యలో నిలిపి స్క్రూ ముట్టుకోవాలి.

"పార్టులు దొరకవు, పవర్ స్టీరింగే మేలు" అన్న వాదనకు వద్దాం. బుష్‌లూ సీళ్లూ కొలతను బట్టి దొరికేవే, తీయించుకోగలిగేవే. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట లేత్ పనికి కరువా? పవర్ స్టీరింగ్ కోసమని వేరే బండి బాక్స్ తెచ్చి బిగిస్తే అసలు తంటా అప్పుడు మొదలవుతుంది. డ్రాప్ ఆర్మ్ పొడవో, బాక్స్ నిలిచే చోటో మారితే డ్రాగ్ లింక్ కదిలే దారికీ కమాన్ కట్ట కదిలే దారికీ పొత్తు చెడుతుంది. గుంటలో పడినప్పుడల్లా బండి తనంతట తానే పక్కకు లాగుతుంది. పైగా కింగ్ పిన్‌లు అరిగిన సంగతి చేతికి తెలియకుండా పవర్ స్టీరింగ్ కప్పేస్తుంది. దీన్నా భద్రత అంటున్నారు?

రోజూ లోడు లాగే లారీకి పవర్ స్టీరింగ్ కావాలంటే, డ్రైవరు భుజాల కోసమైనా సరే, ఆ బండి కొలతలకు తగ్గ కిట్టుతో వేయించండి. కేసింగ్ పగిలినా, వార్మ్ గాడి పెచ్చులూడినా, సెక్టార్ షాఫ్ట్ పళ్లు మెలిపడినా మార్చాల్సిందే. వాటికి వెల్డింగ్ పెట్టేవాణ్ణి షెడ్డు గడప తొక్కనివ్వకండి. అప్పుడైనా అదే రకం బాక్స్ వెతకండి.

మిగతావాళ్లు కొత్త బాక్స్‌కి డబ్బు తీసే ముందు ఒక్కటి అడగండి: పాతది విప్పి, బాగుచేయలేనంతగా అరిగిన చోటు కొలిచి చూపించమని. చూపిస్తే మార్చండి. నసిగితే బండి వేరే షెడ్డుకి తోలండి.