చెరసాలలో కొన్న పొలం

నాలుగు రోజుల్లో శత్రువు చేతిలోకి పోయే నేలను ఎవరైనా డబ్బిచ్చి కొంటారా? యిర్మీయా ప్రవక్త కొన్నాడు. అదీ చెరసాలలో ఉండి!

యూదా చివరి రాజు సిద్కియా ఏలుబడిలో అది పదో ఏడు. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించింది. ఈ నగరం శత్రువుల పాలవుతుందని, రాజు కూడా తప్పించుకోలేడని దేవుని మాటగా చెప్పినందుకే యిర్మీయాను బంధించి కావలివారి ప్రాంగణంలో ఉంచారు. ఆ సమయంలో తండ్రి తోడబుట్టినవాడి కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులో ఉన్న తన పొలం కొనుక్కోమన్నాడు. కుటుంబ భూమి పరాయివాళ్లకు పోకుండా దగ్గరి బంధువే తీసుకోవాలన్నది అక్కడి ఆచారం. హనమేలు ఇలా వస్తాడని దేవుడు ముందే చెప్పి ఉండటంతో యిర్మీయా కాదనలేదు.

లౌకికంగా చూస్తే ఇంతకన్నా తెలివితక్కువ బేరం ఉండదు. అనాతోతు యెరూషలేముకు ఐదు కిలోమీటర్ల దూరమైనా ఉండదు. నగరానికి పట్టే గతే దానికీ పడుతుంది. పైగా అది యిర్మీయా సొంతూరు. ఒకప్పుడు ఆయన్ని చంపాలని కుట్ర పన్నింది ఆ ఊరివాళ్లే. పోనీ పిల్లలకు మిగులుతుందా అంటే, పెళ్లి చేసుకోవద్దని దేవుడే ఆజ్ఞాపించాడు కనుక ఆయనకు వారసులూ లేరు.

అయినా వ్యవహారం ఎంత పద్ధతిగా నడిపాడో చూడండి. ఖరీదు 17 తులాల వెండి, అంటే నేటి లెక్కలో దాదాపు 200 గ్రాములు. ఆ దేశంలో అప్పటికి నాణేలు వాడుకలో లేవు కాబట్టి త్రాసులో తూచి ఇచ్చాడు. దస్తావేజు రాసి ముద్ర వేశాడు, సాక్షుల చేత సంతకాలు పెట్టించాడు. ముద్ర వేసిన ప్రతి ఒకటి, విప్పి చదువుకునేందుకు మరొకటి. ఆ రెంటినీ అందరూ చూస్తుండగా బారూకు చేతికిచ్చి, చాలా కాలం నిలిచేలా మట్టికుండలో భద్రపరచమన్నాడు. మట్టికుండను తక్కువగా అనుకోనక్కర్లేదు. 1947లో మృత సముద్రం దగ్గరి కుమ్రాను గుహలో దొరికిన తోలు చుట్టలను సుమారు రెండు వేల ఏళ్లు కాపాడినవి అలాంటి కుండలే. ఈ దేశంలో ఇళ్లు, పొలాలు, ద్రాక్షతోటలు మళ్లీ కొంటారని దేవుడన్న మాటను యిర్మీయా అక్కడున్నవాళ్లకు వినిపించాడు.

అంతా అయ్యాక ఆయన ప్రార్థన మొదలుపెట్టాడు. సొమ్ము కట్టేశాక గుండెల్లో రాయి పడటం భూములు కొన్నవాళ్లకు తెలిసిన సంగతే. ప్రవక్తకూ అదే జరిగింది. ముట్టడి దిబ్బలు గోడల దాకా వచ్చేశాయి, కత్తి, కరవు, తెగులు నగరాన్ని తినేస్తున్నాయి, ఇప్పుడు నన్ను పొలం కొనమన్నావేమిటి ప్రభూ అని అడిగాడు. సందేహం తీరాక సంతకం పెడతానని మాత్రం ఆగలేదు. మాట విన్నాడు, వెండి తూచాడు, ఆ తర్వాతే అడిగాడు. విశ్వాసమంటే అనుమానమే రాకూడదని బెంగపడేవాళ్లు ఈ వరుసను గమనించాలి. దేవుడు ఆయన్ని కసురుకోలేదు. తనకు అసాధ్యమైనది ఏదైనా ఉందా అని అడిగి, ప్రజలను తిరిగి రప్పిస్తానని మరోసారి మాటిచ్చాడు.

నగరం కూలింది. క్రీస్తుపూర్వం 586లో దేవాలయం కాలిపోయింది. తరువాత సొంత జనమే యిర్మీయాను ఐగుప్తుకు తీసుకుపోయారు. ఆ పొలంలో ఆయన ఒక్కసారైనా అడుగు పెట్టినట్టు బైబిల్లో ఎక్కడా లేదు.

క్రీస్తుపూర్వం 538లో పారసీక రాజు కోరెషు యూదులను స్వదేశానికి వెళ్లనిచ్చాడు. అలా తిరిగి వచ్చినవారి పట్టీ ఎజ్రా గ్రంథం రెండో అధ్యాయంలో ఉంది. వరసగా పేర్లు, తలల లెక్క తప్ప మరేమీ కనిపించదు కాబట్టి చాలామంది దాన్ని దాటేసి ముందుకు వెళ్లిపోతారు. బేత్లెహేమువారు 123 మంది, నెటోపావారు 56 మంది, అనాతోతువారు 128 మంది.