వాడికి వేరే జట్టు చూపిద్దాం



కేసుల్లో చిక్కిన పిల్లల్ని ఉంచే అబ్జర్వేషన్ హోంలోకి కొత్తగా వచ్చిన పిల్లాణ్ని తోటివాళ్లు ముందు అడిగేది ‘ఏ కేసు?’ అని. సెల్‌ఫోన్ దొంగతనమంటే చిన్నచూపు, కత్తి పట్టానంటే గౌరవం. ఫోన్ కొట్టేసి వచ్చినవాడు బండి తాళం తీయడమెలాగో, బయటికెళ్లాక ఎవర్ని కలవాలో అక్కడే నేర్చుకోగలడు. ఆరు నెలల సావాసంతో వారు వీరవుతారంటారు. ఇక్కడ అంత కాలం పట్టదు.

ఈ ప్రమాదం చట్టానికి తెలియక కాదు. 2015 నాటి బాల న్యాయ చట్టం 12వ సెక్షన్ ప్రకారం 18 ఏళ్ల లోపు వారికి ష్యూరిటీ ఉన్నా లేకున్నా బెయిలివ్వాలి. నిరాకరించడానికి ఒప్పుకున్న కారణాల్లో ఒకటి, బయటికెళితే నేరస్థులతో కలుస్తాడన్న భయం. సరే, అలా ఆపిన పిల్లాణ్ని ఉంచేదెక్కడ? కేసులున్న పిల్లల మధ్యనే! వయసునూ నేర తీవ్రతనూ చూసి విడివిడిగా ఉంచాలని 47వ సెక్షన్ అంటుంది. అందరికీ ఒకే హాలు, ఒకే టీవీ అయిన చోట ఆ విభజన రిజిస్టరు దాటి రాదు.

మంచి మనసుతో చేసిన పనీ బెడిసికొట్టొచ్చు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1939లో మొదలైన కేంబ్రిడ్జ్–సోమర్‌విల్ ప్రయోగంలో, పిల్లలు దారి తప్పకుండా వారికి ఏళ్ల తరబడి సలహాలు, చదువు సాయం, వేసవి శిబిరాలు సమకూర్చారు. ముప్పై ఏళ్ల తర్వాత పరిశోధకురాలు జోన్ మెకార్డ్ లెక్క తీస్తే, సాయం అందనివారి కన్నా అందినవారే కొన్ని విషయాల్లో అధ్వానంగా తేలారు. శిబిరాలకు ఒకటికి రెండుసార్లు వెళ్లినవారి పరిస్థితి మరీ కనాకష్టం. అక్కడ పిల్లలు ఒకరి ఆగడాలకు ఒకరు చప్పట్లు కొట్టుకుని ఉంటారని పరిశోధకుల అనుమానం.

దోస్తుల్ని దూరం చేయమని మేమనడం లేదు. పదహారేళ్లవాడు దోస్తులు లేకుండా ఉండడు. హోం నుంచి ఇంటికొచ్చిన నాడే పాతవాళ్లు బండి మీద గుమ్మం ముందు దిగుతారు. ‘ఏంరా, లోపల ఎట్లుండె?’ అంటూ చాయ్ తాగిస్తారు. బడి దోస్తుల తల్లులు ‘వానితోని తిరగకు’ అని తలుపేసుకుంటారు. ఆ తల్లుల భయం అబద్ధమేమీ కాదు. కానీ వాడు ఎటు పోతాడో చెప్పడానికి జాతకం చూడక్కర్లేదు కదా.

అందుకే అడుగుతున్నాం. చిన్న కేసుల్లో బాల న్యాయ బోర్డులు ఇంటి దారి, అది కుదరకుంటే చట్టం చెప్పిన ‘యోగ్యుడైన వ్యక్తి’ సంరక్షణ ముందు చూడాలి. హోంలో ఉంచక తప్పనప్పుడు పిల్లల్ని చిన్న చిన్న గుంపులుగా ఉంచి, రాత్రంతా మెలకువగా ఉండే సిబ్బందిని పెట్టాలి. 18వ సెక్షన్ చెప్పిన గ్రూప్ కౌన్సెలింగ్‌లో కేసుల్లేని పిల్లలనూ, నేరాల ఊబిలోంచి బయటపడి పని చేసుకుంటున్న అన్నలనూ కలపాలి. ఆ అన్నలను ఆచితూచి ఎంచి, శిక్షణ ఇచ్చాకే. విడుదల నాటికే ఐటీఐలోనో, ఓపెన్ స్కూల్లోనో, ఆటల జట్టులోనో చోటు సిద్ధంగా ఉండాలి. నెల ఆలస్యమైతే ఆ చోటు వేరేవాళ్లు ఇచ్చేసి ఉంటారు.

కేసులో ఉన్న పిల్లాడి పేరు, ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో తిప్పకండి. 74వ సెక్షన్ కింద అది శిక్షార్హం.

ఈ డిమాండ్లతో కలెక్టరేట్‌లో ప్రజావాణికి వినతిపత్రం ఇస్తున్నాం. సంతకం చేయండి. మీ బస్తీ కబడ్డీ జట్టులో ఒక పిల్లాడికి చోటివ్వగలిగితే, సంతకం పక్కన ఆ జట్టు పేరూ రాయండి.