చెంచాడు మందు, కొండంత నమ్మకము

చలికాలపు సాయంసమయమున చార్మినారు ప్రాంతమునకు పోయి, ఏదైన ఒక మందుల దుకాణము ముందు గడియసేపు నిలిచినవారికి ఒక దృశ్యము తప్పక కానవచ్చును. లాడ్ బజారు గాజుల తళతళల నడుమ నుండి ఒక తల్లి బిడ్డను చంకనెత్తుకొని వచ్చును. బిడ్డ ముక్కు కారుచుండును. ఉండి ఉండి దగ్గుచుండును. ఆమె చేత వైద్యుని చీటీ ఉండదు. "భయ్యా, పిల్లకు దగ్గుమందు ఇయ్యుండ్రి" అనును. దుకాణదారు అలమార వైపు చేయి చాచి ఎర్రని ద్రవము నిండిన సీసా నొకదానిని తీసి యిచ్చును. బిడ్డ వయసెంత అని అడుగువాడు అరుదు. బరువెంత అని అడుగువాడు మరింత అరుదు. డబ్బు చేతులు మారును. అంతటితో వైద్యము ముగిసినది.

ఈ తల్లిని నిందించుట సులభము. కాని న్యాయము కాదు. ఆస్పత్రికి పోయి వరుసలో నిలుచుటకు ఒక దినపు కూలి పోగొట్టుకొనవలెను. రాత్రి బిడ్డ నిద్రపోకున్న ఇంటిల్లిపాదికిని నిద్ర లేదు. పైగా ఆమె నమ్మకమునకు ఆధారము లేకపోలేదు. ప్రభుత్వ అనుమతి గల దుకాణమున, ముద్ర వేసిన సీసాలో, తియ్యగా ఉండు మందు, అందునను పసిబిడ్డ బొమ్మ గలది, హాని చేయునని ఏ తల్లి ఊహింపగలదు? ఆ కొండంత నమ్మకమునకు చెంచాడు మందు తగినదా, కాదా అనునదే ఇచట విచారింపవలసిన విషయము.

మొదట దగ్గు అన నేమో తెలిసికొనవలెను. దగ్గు రోగము కాదు. శరీరము తన్ను తాను కాపాడుకొను ఉపాయము. శ్వాసనాళమున చేరిన కఫమును, ధూళిని వెలికి త్రోయుటకు ప్రకృతి ఏర్పరచిన కావలివాడు అది. పసిపిల్లలకు వచ్చు జలుబులలో అత్యధికము వైరసుల వలన కలుగునవి. అవి వారము పది దినములలో తమంత తాము తగ్గును. దగ్గు మాత్రము రెండు మూడు వారములు నిలిచినను నిలువవచ్చును. ఈ కాలమును దగ్గుమందు తగ్గింపలేదు. వైరసుపై యాంటీబయాటిక్ మందులకును శక్తి లేదు. సీసా కొనిన నాల్గవనాడు బిడ్డ కోలుకొనిన, ఆ కీర్తి సీసాకు దక్కును. సీసా లేకున్నను బిడ్డ కోలుకొనియే యుండునను మాట ఎవరికిని తోచదు. దగ్గుమందుల ప్రతిష్ఠ చాలవరకు ఈ పొరపాటుపై నిలిచినదే.

ఉపయోగము లేనంత మాత్రమున హాని యేమి అని కొందరందురు. ఆ సీసాలో నున్నవి వట్టి చక్కెర నీళ్లు కావు. ముక్కు కారుట నాపుటకు చేర్చు క్లోర్‌ఫెనిరమైన్ వంటి మందు బిడ్డను మగత నిద్రలో ముంచును. కొందరిని అందుకు విరుద్ధముగ చికాకుపరచును. ముక్కు దిబ్బడ తగ్గించుటకు చేర్చు ఫినైలెఫ్రిన్ గుండె వేగమును, రక్తపు పోటును మార్చగలదు. అనేక జలుబు మందులలో పారాసెటమాల్ కూడ కలసియుండును. తల్లి జ్వరమునకు వేరొక సీసా కొనినచో, అందును అదే మందు ఉండును. తెలియకయే మోతాదు రెట్టింపగును. అధికమైన పారాసెటమాల్ కాలేయమును చెరచును. కొలత విషయము చెప్పనక్కరలేదు. వైద్యుని లెక్కలో చెంచా అన 5 మిల్లీలీటర్లు. వంటింటి చెంచాలు ఇంటింటికి ఒక తీరుగ నుండును.

ఈ సంగతి వైద్యలోకమునకు క్రొత్త కాదు. రెండేండ్ల లోపు శిశువులకు ఇట్టి మందులు ఈయరాదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008 జనవరిలో హెచ్చరించెను. ఆ యేడే అచటి తయారీదారులు నాలుగేండ్ల లోపు వారికి వాడరాదని సీసాలపై ముద్రింప నారంభించిరి. మన దేశమున క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందును నాలుగేండ్ల లోపు పిల్లలకు వాడరాదని సీసాపై ముద్రింపవలసినదిగ 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణాధికారి ఆదేశించిరి. 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ రెండేండ్ల లోపు వారికి దగ్గు, జలుబు మందులు వ్రాయరాదనియు, ఐదేండ్ల లోపు వారికి సాధారణముగ అవి తగవనియు రాష్ట్రములకు తెలిపెను.

ఆ ఆదేశము ఊరక వెలువడలేదు. దాని వెనుక పసిపిల్లల సమాధులున్నవి. 2025 సెప్టెంబరు, అక్టోబరు నెలలలో మధ్యప్రదేశ్ లోని ఛింద్వారా ప్రాంతమున 20 మందికి పైగా పిల్లలు మూత్రపిండములు చెడి మరణించిరి. వారు త్రాగినది తమిళనాడులోని కాంచీపురము జిల్లాలో తయారైన 'కోల్డ్‌రిఫ్' అను దగ్గుమందు. దానిని పరీక్షింపగా డైఇథిలీన్ గ్లైకాల్ అను విషము 48.6 శాతము ఉన్నట్లు తేలెను. అనుమతింపదగిన పరిమితి 0.1 శాతము మాత్రమే. అనగా ఉండదగిన దానికి దాదాపు 500 రెట్లు. ఆ మందును వాడవద్దని తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ కూడ ప్రజలను హెచ్చరించెను. కాంచీపురమున నింపిన సీసా ఛింద్వారాలో పిల్లలను చంపగా, దాని భయము చార్మినారు దుకాణముల వరకు వ్యాపించినది. మందునకు ఊరు లేదు, విషమునకును లేదు.

ఈ విషము మందులోనికి ఎట్లు వచ్చును? పానకము వంటి మందులలో ఔషధమును కరిగించుటకు గ్లిసరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ వంటి ద్రవములను వాడుదురు. డైఇథిలీన్ గ్లైకాల్ చూచుటకు వాటివలెనే యుండును, రుచికి తియ్యన, ధరకు చౌక. పరిశ్రమలలో వేరు పనులకు వాడు ఆ ద్రవము, లోభము చేతనో అజాగ్రత్త చేతనో, మందుల పీపాలలో చేరును. పీపాను పరీక్షింపక వాడిన కార్మికుడు గాని, సీసాను నమ్మి వ్రాసిన వైద్యుడు గాని, తియ్యగా నున్నదని త్రాగిన బిడ్డ గాని దానిని గుర్తింపలేరు. గుర్తింపగలది ప్రయోగశాల ఒక్కటే. ఆ పరీక్ష కష్టమైనదియు కాదు.

ఇది మొదటిసారి జరిగిన ఘోరము కాదు. 1937లో అమెరికాలో సల్ఫనిలమైడ్ మందును ఈ ద్రవమున కరిగించి అమ్మగా 100 మందికి పైగా మరణించిరి. అందు పిల్లలనేకులు. అమ్మకమునకు ముందు మందు నిరపాయమని నిరూపింపవలెనను చట్టము 1938లో అచట వచ్చినది ఆ మరణముల ఫలితముగనే. మన దేశమున 1986లో బొంబాయి జె.జె. ఆస్పత్రిలో కల్తీ గ్లిసరిన్ వలన 14 మంది రోగులు పోయిరి. 1998లో గుర్‌గావ్‌లో 30 మందికి పైగా శిశువులు, 2019-20 చలికాలమున జమ్ము ప్రాంతపు రామ్‌నగర్‌లో పదిమందికి పైగా పిల్లలు బలియైరి. 2022లో ఆఫ్రికాలోని గాంబియాలో దాదాపు 70 మంది పిల్లలు చనిపోగా, భారతదేశమున తయారైన నాలుగు మందులపై ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిక వెలువరించెను. అమెరికా ఒక్క దుర్ఘటనతో చట్టము మార్చుకొనినది. మనకు ఎన్ని దుర్ఘటనలు కావలెను?

హైదరాబాదు నగరమున కిది మరింత ఆలోచింపదగిన ప్రశ్న. మందులు తయారుచేయుటలో ఈ నగరము దేశమున ప్రఖ్యాతి గాంచినది. వైద్యచరిత్రలోను దీనికి స్థానము కలదు. చార్మినారు కట్టిన కులీ కుతుబ్‌షాయే పాత నగరమున దారుష్షిఫా అను వైద్యశాలను నిర్మించెను. చార్మినారు ప్రక్కనే మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలపు నిజామియా యునానీ ఆస్పత్రి నేటికిని నిలిచియున్నది. 1888, 1889 సంవత్సరములలో ఈ నగరముననే క్లోరోఫారం కమిషన్లు రెండు పనిచేసినవి. డాక్టరు ఎడ్వర్డ్ లారీ నాయకత్వమున, నిజాము ప్రభుత్వపు ధనసాహాయ్యముతో, జంతువులపై అనేక పరీక్షలు జరిపి, శ్వాసను గమనించుచున్నచో క్లోరోఫారం గుండెకు హాని చేయదని నిర్ణయించిరి. ఆ నిర్ణయము తప్పు. 1911లో లెవీ అను శాస్త్రజ్ఞుడు క్లోరోఫారం తిన్నగా గుండెనే ఆపగలదని నిరూపించెను. పెద్దలు, పండితులు, ప్రభుత్వము ఏకమై నిరపాయమన్న మందే అపాయకరమైనది. అట్టిచో "మా చిన్ననాడు మేమును త్రాగితిమి, మాకేమైనది?" అను మాట సాక్ష్యమగునా? బ్రదికినవారే ఆ మాట అనగలరు. పోయినవారు వచ్చి చెప్పరు.

ఇంగ్లీషు మందు కానిచో భయము లేదనుటయు సరికాదు. ఆకు, వేరు, కషాయము అన్నంత మాత్రమున పసిబిడ్డకు మేలు చేయునని లేదు. తేనె దగ్గునకు ఉపశమన మిచ్చునది నిజమే. కాని యేడాది నిండని శిశువునకు తేనె నాకించరాదు. అరుదుగనైనను బాట్యులిజం అను ప్రాణాంతక వ్యాధి దానివలన రావచ్చును. యేడాది దాటిన బిడ్డకు రాత్రివేళ అరచెంచాడు తేనె, తరచుగ పాలు, గోరువెచ్చని నీరు, ముక్కులో రెండు చుక్కలు శుభ్రమైన ఉప్పునీటి మందు, పొగ లేని గది, ఇవి చాలును. చనుబాలు త్రాగు బిడ్డకు చనుబాలే ఔషధము.

తల్లిదండ్రులకు బోధించుటతో బాధ్యత తీరదు. ఛింద్వారాలో ఆ మందును కొందరు తల్లులు స్వయముగ కొనలేదు. వైద్యుడు వ్రాసి యిచ్చెను. చీటీ ఉన్నను లేకున్నను సీసాలో విషమున్న బిడ్డ దక్కదు. కనుక ప్రతి పీపాను, ప్రతి ఉత్పత్తిని పరీక్షింపజేయుట ప్రభుత్వ ధర్మము. ప్రమాదము జరిగిన పిదప లైసెన్సు రద్దు చేయుట శిక్ష యగునేమో గాని, రక్షణ కాదు. దుకాణదారు బిడ్డ వయసు అడుగవలెను. ఐదేండ్ల లోపు బిడ్డ యైనచో సీసాకు మారుగా వైద్యుని చూపవలెను.

మరియొక లోపమును సాహిత్యప్రియులు ప్రత్యేకముగ గమనింపవలెను. నాలుగేండ్ల లోపు వారికి వాడరాదను హెచ్చరిక చీమతలలంత అక్షరములలో, సామాన్యముగ ఆంగ్లమున ముద్రింపబడుచున్నది. పాతబస్తీ తల్లి తెలుగో ఉర్దూయో చదువును. కొందరు ఏదియు చదువలేరు. ఎవరికొరకు వ్రాసితిరో వారికి చదువరాని హెచ్చరిక హెచ్చరిక కాదు. తయారీదారు తన్ను తాను కాపాడుకొను కవచము మాత్రమే. మాతృభాష కవిత్వమునకును కథకును ఎంత అవసరమో మందు సీసాకు అంతకంటె అవసరము. పెద్ద అక్షరములలో తెలుగున, ఉర్దూలో ఆ ఒక్క వాక్యము ముద్రింపవలెనని కోరుట న్యాయమైన కోరిక.

ఆ దినము వచ్చునంతవరకు ఆ వాక్యమును చదివి చెప్పువా రెవరు? బడి పిల్లలే. ఇంటిలో ఆంగ్లాక్షరము లెరిగినవాడు తరచుగ ఎనిమిదవ తరగతి బాలుడో, తొమ్మిదవ తరగతి బాలికయో అయియుందురు. కనుక ఉపాధ్యాయుడు ఒక దినము ఖాళీ మందు సీసాను తరగతికి కొనివచ్చి, దానిపై నున్నది చదివించిన చాలును. మందు పేరేది, అందలి పదార్థము లేవి, ఏ వయసువారికి తగదు, గడువు తేదీ యేది అని పిల్లలచే వెదకించిన, అది భాషాపాఠమును అగును, శాస్త్రపాఠమును అగును. గడియారము చూచి ఊపిరులు లెక్కించుట కూడ నేర్పవచ్చును. నిద్రించుచున్న తమ్ముని రొమ్ము నిమిషమునకు ఎన్నిసార్లు లేచి పడుచున్నదో లెక్కింపవలెను. రెండు నెలలు మొదలు యేడాది లోపు శిశువునకు 50, యేడాది మొదలు ఐదేండ్ల లోపు బిడ్డకు 40, లేక అంతకు మించినచో అది జలుబు కాదు, న్యుమోనియా కావచ్చును. రొమ్ము క్రింది భాగము లోనికి పోవుట, పాలు త్రాగలేకపోవుట, మూర్ఛ, లేపినను లేవని మగత, మూత్రము తగ్గిపోవుట కనబడిన, దుకాణము వైపు గాక ఆస్పత్రి వైపు పరుగిడవలెను. రెండు నెలలైన నిండని శిశువు విషయమున ఏ సందేహమునకైనను ఆస్పత్రియే దిక్కు.

చార్మినారు ఒక మహామారి తొలగిన దానికి గుర్తుగా వెలసినదని జనశ్రుతి. చరిత్రకారు లేమన్నను, ఆ కథలో ప్రజల కోరిక దాగియున్నది: వ్యాధి నుండి పిల్లలు బ్రదికి బయటపడవలెనని. ఆ నీడలో నిలిచి మందు కొను తల్లి కోరికయు అదే. ఆమెకు కావలసినది ఎర్రని సీసా కాదు. బిడ్డ నెమ్మదిగ నిద్రపోవుట. ఇకమీదట ఆమె సీసా కొరకు చేయి చాచినపుడు, కొంగు పట్టుకొని నిలిచిన పెద్దపిల్ల సీసాను అందుకొని, త్రిప్పి చదివి, "అమ్మా, ఇది తమ్మునికి వద్దట" అని చెప్పగలిగిన, ఆ యేటి చదువు సార్థకమైనట్లే.