ఫోర్ వీల్ లివర్ వేస్తే హెచ్‌పీ పెరగదు!

రైతు సోదరులారా, కాస్త ఘాటుగానే రాస్తున్నా, ఏమనుకోవద్దు.

"ఫోర్ వీల్ ట్రాక్టర్ తీసుకో అన్నా, పవర్ డబుల్" అని అమ్మేవాళ్లు చెబుతున్నారు, మనం తలూపుతున్నాం. శుద్ధ అబద్ధం. 45 హెచ్‌పీ ఇంజిన్ లివర్ వేసినా 45 హెచ్‌పీనే. పెరిగేది నేల మీద పట్టు. తిప్పే బలాన్ని, అంటే టార్క్‌ని, రెండు చక్రాల బదులు నాలుగు చక్రాలు పంచుకుంటాయి, అంతే.

ఎలా పంచుకుంటాయి? సగం సగం అనుకుంటే పొరపాటే. లివర్ వేయగానే గేర్‌బాక్స్ నుంచి షాఫ్ట్ ముందు యాక్సిల్‌కి కలుస్తుంది. ముందు జతకీ వెనక జతకీ మధ్య డిఫరెన్షియల్ ఉండదు, రెండూ కలిపి కట్టేసినట్టే. ఏ జతకి పట్టు దొరికితే బలం అటు పోతుంది. దమ్ములో వెనకవి జారితే ముందువి లాగుతాయి. దమ్ముకి, తడి నల్లరేగడికి ఇది బంగారమే.

మరి అదే లివర్‌తో తారు రోడ్డెక్కితే? ముందు చక్రాలు కావాలనే కొంచెం ఎక్కువ నడిచేలా కంపెనీ గేర్లు పెడుతుంది. వెనకవి 100 అడుగులు నడిస్తే ముందువి సుమారు 101 నుంచి 105 అడుగులు నడవాలని చూస్తాయి. బురదలో ఆ తేడా జారుడులో పోతుంది. తారు మీద ఎక్కడికి పోతుంది? ముందువి లాగుతాయి, వెనకవి ఆపుతాయి. ఆ పోట్లాట దెబ్బంతా షాఫ్టు మీద, పినియన్ మీద, టైర్ల మీద. ఆల్ వీల్ డ్రైవ్ కార్లు రోడ్డు మీద తిరగట్లేదా అంటారా? వాటికి మధ్యలో డిఫరెన్షియలో, క్లచ్చో ఉంటుంది. మన ట్రాక్టర్‌కి లేదు.

ముందు టైర్లు తొందరగా బోడి అయితే "నాసిరకం టైరు" అంటాం, డ్రైవర్‌ని తిడతాం. లివర్ తీయమని ఆ డ్రైవర్‌కి ఒక్కరోజైనా చెప్పామా?

"లివర్ వేస్తే ట్రాలీ బాగా లాగుతోంది" అనే అన్నలూ, మట్టి బాటలో, తడి గట్టు ఎక్కేటప్పుడు వేయండి, తప్పులేదు. తారు తగలగానే తీసేయండి. అరిగిన ముందు టైర్లకి తోడు వెనక కొత్తవి వేసినా, సైజు మార్చినా ఆ లెక్క తప్పుతుంది. మాన్యువల్‌లో రాసిన జతే వేయించండి.

ఇక కొత్తగా కొనేవాళ్లు! చెలకలో తేలిక దున్నకం, ట్రాలీ తోలకమే మీ పని అయితే అప్పు చేసి ఆ అదనపు డబ్బు పెట్టడం దేనికి? "పవర్" అన్నవాణ్ణి ఒక్కటే అడగండి: హెచ్‌పీ ఎంత పెరిగింది?

ఈ పోస్టు మీ డ్రైవర్‌కి కూడా చదివి వినిపించండి.