జవాబుదారులం కాము

మమ్మల్ని అడిగే ప్రశ్నలు మాకు కంఠతా వచ్చు. రైల్లో పక్క సీటాయన అడుగుతాడు. అద్దెకు ఇల్లు చూడబోతే వాకిట్లోనే నిలబెట్టి ఇంటివాళ్ళు అడుగుతారు. ఆఫీసులో కొత్తగా చేరిన రోజు మధ్యాహ్నం క్యారేజీలు విప్పేటప్పుడు అడుగుతారు. సాహిత్య సభల్లో టీ తాగుతూ కూడా అడుగుతారు. పేరు చెప్పేదాకా అంతా బాగానే ఉంటుంది. ఊరు, ఉద్యోగం, పిల్లల చదువులు, ఈ ఏడు వానలు. పేరు చెప్పగానే ఎదుటి మనిషి గొంతు మారుతుంది. 'అరే, మీరు ముస్లిమా? అలా కనిపించరే!' అంటాడు. మెచ్చుకున్నాననే అనుకుంటాడు పాపం. ఆ వెనకే ఇంకో మెచ్చుకోలు. 'తెలుగు ఎంత బాగా మాట్లాడుతున్నారండీ!'

ఇది ఎవరి తెలుగు అనుకుంటున్నారు? పిఠాపురంలో ఉమర్ ఆలీషా పద్యాలు చెప్పింది ఏ భాషలో? గుంటూరు జిల్లా పొన్నెకల్లు దూదేకుల ఇంటినుంచి వచ్చిన షేక్ నాజర్ బుర్రకథతో ఊళ్ళకు ఊళ్ళను లేపి కూర్చోబెట్టింది ఏ భాషలో? కరవది షేక్ చినమౌలానా నాదస్వరంలో పలికిన త్యాగరాజ కీర్తనలు ఏ భాషవి? మాలో కొన్ని ఇళ్ళల్లో అమ్మీ, అబ్బా అంటారు. కొన్ని ఇళ్ళల్లో అమ్మా, నాయినా అనే పిలుస్తారు, ఉర్దూ ముక్క రాదు. రెండూ వచ్చినవాళ్ళం ఉర్దూలో దువా చేసి తెలుగులో ఏడుస్తాం. ఏది మా భాష అని అడిగితే ఏం చెప్పాలి?

అయితే ఇలా పేర్లు వల్లించడంలోనే ఒక ఉచ్చు ఉంది. నాజర్‌ని, చినమౌలానాని, అబ్దుల్ కలాంని సాక్షులుగా పిలిచిన మరుక్షణం మేము బోనులో ఉన్నామని ఒప్పుకున్నట్టే. వాళ్ళు మంచి సాయిబులు. ఒకాయన రాముడి కీర్తన వాయించాడు, ఒకాయన రాకెట్ ఎగరేశాడు. మరి మా వీధి చివర సైకిళ్ళకు పంక్చర్లు వేసే సాయిబు సంగతేమిటి? ఆయన కీర్తనా వాయించలేదు, రాకెట్టూ ఎగరేయలేదు. ఆయన మంచివాడో కాదో ఎవరు తేలుస్తారు? పద్మశ్రీ వచ్చేదాకా మాలో ప్రతివాడూ అనుమానితుడేనా?

తర్వాత మతం మీద పరీక్ష మొదలవుతుంది. 'మీ ఖురాన్‌లో ఇలా ఎందుకుంది?' 'జిహాద్ అంటే ఏమిటి?' 'కాఫిర్ అంటే మేమేనా?' అడిగేవాడికి ఎదుట ఒక ముఫ్తీ కూర్చున్నట్టు ఉంటుంది. కూర్చున్నది బ్యాంకు గుమాస్తా, బడిపంతులు, గాజుల దుకాణం ఆమె. మాలో ఎక్కువమంది చిన్నప్పుడు మసీదు వసారాలో మౌల్సాబ్ ముందు ఊగుతూ అరబీ అక్షరాలు కూడబలుక్కుని చదివినవాళ్ళం. చదవడం వచ్చు, అర్థం రాదు. మంత్రపుష్పం నోటికొచ్చి అర్థం తెలియని ఎన్నో ఇళ్ళలాంటివే మా ఇళ్ళూ. చిలుకూరి నారాయణరావు గారు బ్రాహ్మణ పండితులై ఉండీ ఖురాన్‌ని తెలుగు చేశారు. ఆయనకు తెలిసినంత ఇస్లాం మాలో చాలామందికి తెలియదు. తెలియకపోతే ముస్లింలం కాకుండా పోతామా? మేము రైలెక్కి పక్కాయన్ని పట్టుకుని మనుస్మృతిలో ఆ శ్లోకం ఎందుకుందని అడగం. అలా అడిగితే మర్యాద కాదని మా పెద్దవాళ్ళు నేర్పారు. ఆ మర్యాద మాకెందుకు దక్కదు?

తెలియదు అంటే దాస్తున్నాడంటారు. తెలుసని చెబితే ఛాందసుడంటారు. నవ్వి ఊరుకుంటే పొగరు.

పోనీ ఓపిగ్గా లెక్కలే చెప్పి చూద్దాం. 'మీకు నలుగురు పెళ్ళాలట కదా!' 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, భర్తకు ఇంకో భార్య ఉందని చెప్పినవాళ్ళు ముస్లిం స్త్రీలలో నూటికి 1.9, హిందూ స్త్రీలలో 1.3. తేడా నూటికి ఒక్కరు కూడా కాదు. 'మీకు పిల్లలెక్కువ కదా!' 1992-93 సర్వేలో ముస్లిం స్త్రీకి సగటున 4.4 మంది పిల్లలు. 2019-21 నాటికి 2.36. హిందూ స్త్రీకి 3.3 నుంచి 1.94కు దిగింది. రెండు గీతలూ కిందికే దిగుతున్నాయి, మాది ఇంకా వేగంగా దిగుతోంది. ఈ అంకెలన్నీ చెప్పాక ఆయన తల ఊపుతాడు. కాజీపేటలో దిగిపోతాడు. ఆ సీట్లోకి వచ్చిన కొత్తాయన మళ్ళీ అదే అడుగుతాడు. నిజంగా తెలుసుకోవాలని అడిగిన ప్రశ్న జవాబు దొరికితే చల్లారుతుంది. ఇది చల్లారదు. దీనికి కావలసింది మా జవాబు కాదు, జవాబు చెప్పుకుంటూ తిరిగే మేము.

తెలంగాణలో ఈ ప్రశ్నకు ఇంకో పేరుంది. రజాకార్లు. 1948 తర్వాత పుట్టినవాళ్ళనీ, వాళ్ళ మనవల్నీ కూడా సెప్టెంబరు 17 రాగానే అదోలా చూస్తారు. రజాకార్లు నరికి చంపిన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్ ముస్లిమే. విసునూరు దేశ్‌ముఖ్ మీద కోర్టుకెక్కి ప్రాణమిచ్చిన బందగీ ముస్లిమే. సాయుధపోరాటాన్ని తన పాటగా చేసుకున్న మఖ్దూం ముస్లిమే. పోలీసు చర్య సమయంలోనూ ఆ తర్వాతా ఇరవై ఏడు వేల నుంచి నలభై వేలమంది దాకా చనిపోయి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక జనం చేతికి వచ్చింది 2013లో. మా నానీలు గొంతు తగ్గించి చెప్పిన మాటలకు ప్రభుత్వ కాగితం దొరకడానికి అరవై అయిదేళ్ళు పట్టింది. దాని గురించి మమ్మల్ని ఎవరూ ఏమీ అడగరు.

ఇక టెర్రరిజం. 'మీరు ఖండిస్తున్నారా లేదా?' 2007 మే 18న జుమ్మా నమాజు వేళ మక్కా మసీదులో బాంబు పేలింది. పేలింది మా మసీదులో. చచ్చింది మావాళ్ళు. ఆ తర్వాత జరిగిన పోలీసు కాల్పుల్లో పోయిందీ మావాళ్ళే. పట్టుకుపోయింది పాతబస్తీలోని మా పిల్లల్ని. వాళ్ళని చిత్రహింసలు పెట్టారని మైనారిటీ కమిషన్ నియమించిన న్యాయవాది నివేదిక ఇచ్చారు. కోర్టులు వదిలేశాయి. 2011-12లో ప్రభుత్వం పరిహారం ఇచ్చింది. జైలునుంచి వచ్చినవాణ్ణి పనిలో పెట్టుకోవడానికి మాత్రం ఎవరికీ ధైర్యం చాలలేదు. ఆ ఇంటి తల్లిని కూడా ఖండిస్తున్నావా అని అడుగుతారా? అడుగుతారు. అడిగారు కూడా.

2020 మార్చిలో ఢిల్లీ తబ్లీగీ సమావేశం తర్వాత రోగానికి కూడా సున్తీ చేశారు. కూరగాయల బండి తోసుకొచ్చినవాణ్ణి పేరడిగి వెనక్కి పంపిన వీధులున్నాయి ఈ దేశంలో. ఆ ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ తబ్లీగీల మీది కేసులు కొట్టేసి, వీళ్ళని బలిపశువుల్ని చేశారని చెప్పింది. తీర్పు పేపర్లో లోపలి పేజీలో వచ్చి ఉంటుంది. బండివాడు అది చదివాడో లేదో.

ఈ విచారణకు అసలు మూల్యం చెల్లించేది మా ఆడవాళ్ళు. తలాక్ అన్యాయమని అందరికంటే ముందు తెలిసింది వాళ్ళకే. మెహర్ ఎగ్గొట్టి, పిల్లల్ని మీద పడేసి, మూడు ముక్కల్లో వెళ్ళగొడితే పుట్టింటి గడపలో కూర్చున్న ఆపాలు ఎందరో మాకు తెలుసు. వాళ్ళు మసీదు కమిటీ ముందుకు వచ్చి ఇదేం న్యాయమని నిలదీయబోతారు. అప్పుడు మా పెద్దమనుషులు ఏమంటారు? 'చుప్ రహో బేటీ, బయటివాళ్ళు వింటారు' అంటారు. 1985లో షాబానో గెలిచిన కేసుని 1986లో పార్లమెంటు చట్టంతో నీరుగార్చింది ఈ పెద్దమనుషుల ఒత్తిడికి లొంగే. 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు మూడు తలాకుల్ని కొట్టేసింది. ఆ తీర్పు తెచ్చింది షాయరాబానో వంటి ముస్లిం స్త్రీలే. 2019లో చట్టం చేసి మూడేళ్ళ జైలు పెట్టారు. పెళ్ళాన్ని వదిలేసి పోయిన మిగతా మతాల మగవాడికి లేని జైలు అది. జైల్లో ఉన్న మొగుడు భరణం ఎక్కణ్ణుంచి ఇస్తాడని మా ఆడవాళ్ళు అడిగితే ఎవరూ వినిపించుకోలేదు.

కనుక రైల్లో మా ఆపాల మీద సానుభూతి కురిపించే అన్నగారికి ఒకమాట. మీరు ఆ ప్రశ్న మమ్మల్ని కొట్టడానికి ఎత్తుతున్నారు. మీరు ఎత్తిన ప్రతిసారీ మా మౌల్వీల చేయి బలపడుతుంది. ఇల్లు కాలుతోందని అరిచే మనిషిని, దొంగలు వింటారని నోరు మూయించే వీలు వాళ్ళకు మీరే ఇస్తున్నారు. ఆ కొట్లాట మా ఇంట్లో మేము పెట్టుకుంటాం. పెట్టుకుంటున్నాం.

సెక్యులర్ మిత్రుల ప్రశ్న ఇంకా మెత్తగా ఉంటుంది. 'అభ్యుదయవాదులు కదా, ఇంకా ఈ రోజాలేమిటండీ?' ఈ మిత్రుడి గృహప్రవేశానికి వెళితే సత్యనారాయణ వ్రతం జరుగుతూ ఉంటుంది. అదేమంటే మా ఆవిడ కోసం అంటాడు, మన సంస్కృతి అంటాడు. ఆయన కొబ్బరికాయ సంస్కృతి, మా ఖజూరం మతమౌఢ్యం. మేము మార్క్స్‌ని చదివాం, అంబేడ్కర్‌ని చదివాం. నమాజు చేయనివాళ్ళం, దేవుణ్ణి నమ్మనివాళ్ళం కూడా మాలో ఉన్నాం. అద్దె ఇల్లు దొరకని విషయంలో మా అందరికీ తేడా లేదు. 1992 డిసెంబరు 6 తర్వాతే మేము ముస్లింలుగా రాయడం మొదలుపెట్టామని కొందరు విమర్శకులు తీర్మానిస్తుంటారు. ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' 1991లోనే వచ్చింది. మసీదు కూలకముందే గుండె పగుళ్ళిచ్చింది.

ఇంటిలోపలి ప్రశ్నల్ని వదిలేస్తే అన్యాయం చేసినట్టవుతుంది. పల్లెకు జమాత్ వస్తుంది. కలిమా చెప్పమంటుంది. పీర్లను ఎత్తడం షిర్క్ అంటుంది. అనంతపురం వైపు గూగూడులో కుళ్ళాయప్ప పీరు ముందు నిప్పుల గుండం తొక్కే హిందువులకు, ఉగాది నాడు దేవుని కడప వెంకన్నకు బెల్లం చింతపండు పట్టుకెళ్ళే ముస్లింలకు ఆ ప్రశ్నాపత్రంలో మార్కులు పడవు. వెంకన్న మా బీబీ నాంచారమ్మకు మొగుడు, మా ఇంటి అల్లుడు. అల్లుడి ఇంటికి పండగనాడు పోకపోతే ఎట్లా అంటారు కడప ముసలమ్మలు. దూదేకులవాళ్ళది మరీ రెండందాల చేటు. షేకులు పిల్లనివ్వరు, సరైన తురకలు కాదంటారు. హిందువులు మీరు మావాళ్ళేగా అని భుజం తడతారు, లోపలికి రానివ్వరు.

'ఇస్లాంలో కులాలుండవట కదా, మీకు రిజర్వేషన్లెందుకు?' ఈ ఒక్క ప్రశ్నకు మాత్రం మా జవాబు నిండుగా ఉంది. 2007లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాలుగు శాతం ఇస్తూ తయారుచేసిన బీసీ-ఇ జాబితా ఒకసారి చదవండి. ఎలుగుబంటిని ఆడించేవాళ్ళు, గారడీ సాయిబులు, అత్తరు సాయిబులు, ముస్లిం చాకళ్ళు, ముస్లిం మంగళ్ళు, ఫకీర్లు, ఖురేషీ కసాయిలు, తిరగళ్ళకు కక్కు కొట్టే జింక సాయిబులు, సిద్దీలు. దూదేకులవాళ్ళు అంతకుముందునుంచే బీసీ-బిలో ఉన్నారు. 2006లో సచార్ కమిటీ చెప్పిన సంగతి, నూటికి 13.4 మంది ఉన్న మాకు ఐఏఎస్‌లో మూడు శాతం, ఐపీఎస్‌లో నాలుగు శాతం. ఆ అధికారుల్లో జింక సాయిబు బిడ్డ ఉన్నాడేమో వెతకండి.

మిక్సీలు, గ్రైండర్లు వచ్చాక కక్కు కొట్టే ఉలికి పని పోయింది. ఫోం పరుపులు వచ్చాక దూదేకే విల్లు అటకెక్కింది. 1972 వన్యప్రాణి చట్టం అడవి జంతువుకు రక్షణ ఇచ్చింది, మంచిదే. ఎలుగుబంటి చేయి జారాక ఆ మనిషి ఏం తిన్నాడు, పిల్లల్ని ఏ బడికి పంపాడు, ఏ వెల్డింగు షెడ్డుకి పంపాడు, ఎవరి దగ్గర వడ్డీకి తెచ్చి గల్ఫ్ వీసా కొన్నాడు? ఇది అడగండి, రైలు ఎంత లేటయినా కూర్చుని చెబుతాం.