పని లేని కాపరి

లింగాల నుంచి ఒక తమ్ముడు పంపిన మెసేజ్ ఇది. "బెంగళూరులో ఉన్నప్పుడు బోర్డర్ కోలీ పిల్లను తెచ్చుకున్నా. ఇప్పుడు వర్క్ ఫ్రమ్ హోమ్, ఊళ్లోనే ఉంటున్నా. దానికి 11 నెలలు. అరటి తోటలో డ్రిప్ పైపులు కొరికేసింది. అక్క పిల్లలు పరిగెత్తితే చాలు, మడమలు పట్టుకుంటాంది. మొన్న ఊరి బయట గొర్రెల మందలోకి దూరి చిందరవందర చేసింది. మా నాయన 'అది గొర్రెల కుక్కే గదా, మందోళ్లకు ఇచ్చేయ్ అబ్బీ' అంటున్నాడు. ఇచ్చేయాల్నా?"

ఇవ్వొద్దు తమ్ముడూ. నాయన మాట వినడానికి సబబుగానే ఉంది. కానీ అలా ఇచ్చేస్తే నీ కుక్కకు కష్టం, ఆ మందోళ్లకు అంతకంటే నష్టం.

మన సీమలో మంద వెంట తిరిగే కుక్కను చూసే ఉంటావు. అది గొర్రెలను తోలదు. తోలే పని మనిషిదే. ఈల, కేక, చేతిలో కట్టె, ముందు నడిచే పొట్టేలు... వీటితోనే మంద కదులుతుంది. కుక్క పని కాపలా. రాత్రి చేలో మంద కట్టినప్పుడు దగ్గర్లోనే పడుకుని, తోడేలు వాసన తగిలినా, కొత్త మనిషి అడుగు వినిపించినా మొరగాలి. గొర్రెల వెంటపడి తరిమే కుక్క కాపరికి అక్కరకు రాదు.

బోర్డర్ కోలీ దీనికి పూర్తిగా తిరగేసిన రకం. ఇంగ్లండ్, స్కాట్లాండ్ సరిహద్దు కొండల్లో గొర్రెలు ఎక్కడికక్కడ చెదిరిపోయి మేస్తుంటాయి. కాపరి కింద నిలబడి ఈల వేస్తే కుక్క పెద్ద చుట్టు తిరిగి, వాటి వెనక్కి చేరి, నేలకు ఒంగి, కళ్లార్పకుండా చూస్తూ మొత్తాన్ని పోగుచేసి తేవాలి. ఆ చూపు, ఆ ఒంగి నడవడం తోడేలు వేటలోంచి వచ్చినవే. చంపడం ఒక్కటి తీసేసి మిగతాదంతా తరతరాలుగా ఏరి ఏరి పెంచారు. 1893లో పుట్టిన ఓల్డ్ హెంప్ అనే మగ కుక్కను ఈ జాతికి మూలపురుషుడిగా చెబుతారు. ఇప్పుడున్న బోర్డర్ కోలీల్లో దాదాపు అన్నీ దాని వంశమే. అందంగా ఉందని కాదు, మొరగకుండా, కరవకుండా, ఒట్టి చూపుతోనే గొర్రెలను కదిలించేదని దాన్ని అంతగా కోరుకున్నారు.

ఇప్పుడు గొర్రెల వైపు నుంచి చూడు. కాపలా కుక్క వాటికి పుట్టినప్పటి నుంచి ఎరిగిన మనిషి లాంటిది. నీ కోలీ ఒంగి చూసిందంటే వాటికి అది తోడేలే. పగ్గం లేని పరుగు. చూడి గొర్రెలుంటే కడుపులు పోతాయి. శిక్షణ పొందిన కోలీ వేరు, అది కాపరి ఈలకు ఉన్న చోటే ఆగిపోతుంది. నీది ఆ చదువు చదవలేదు కదా. పైగా మంద కుక్కలు దాన్ని ఊరికే వదలవు.

ఇంతకీ డ్రిప్ పైపు ఎందుకు కొరికింది? పొగరుతో కాదు. రోజంతా కొండలెక్కి దిగే పని కోసం తయారైన బుర్ర అది, చేతికి పని లేక తనే ఒకటి వెతుక్కుంది. పిల్లల మడమలూ అంతే. కదిలేదాన్ని ఆపాలి, చెదిరినదాన్ని పోగెయ్యాలి, దాని లెక్క అది. దీన్ని కోపంతో కరిచినట్టు చూసి కొడితే, కొట్టే చెయ్యి వచ్చినప్పుడల్లా నిజంగానే కరవడం నేర్చుకుంటుంది.

చాలామంది ఇక్కడ చేసే వైద్యం: "బాగా పరిగెత్తించు, అలిసిపోయి పడుకుంటుంది." బైకుకు కట్టి ఊరి రోడ్డు మీద పరిగెత్తించే వీడియోలు చూసి నాకు ఒళ్లు మండుతుంది. ఏడాది నిండని పిల్లకు ఎముకల చివర్లు ఇంకా ముదరవు, కీళ్లు దెబ్బతింటాయి. అదీగాక ఈ రోజు రెండు కిలోమీటర్లకు అలిసిన కుక్క నెల తిరిగేసరికి ఆరు కిలోమీటర్లు పరిగెత్తి ఇంకా కావాలంటుంది. నువ్వు పోటీ పడలేవు.

అలసిపోవాల్సింది బుర్ర. అమెరికాలో చేజర్ అనే బోర్డర్ కోలీకి ఒక రిటైర్డ్ సైకాలజీ ప్రొఫెసర్ ఏళ్ల తరబడి ఓపిగ్గా నేర్పితే 1022 బొమ్మల పేర్లు గుర్తుపెట్టుకుంది. నీ కుక్కకు అన్ని అక్కర్లేదు, ఐదారు మాటలు చాలు. కానీ ఇంట్లో అందరూ ఒకే మాట వాడాలి. నువ్వు "సిట్" అని, అమ్మ "కూచో" అని, నాయన "ఏయ్ కూకో" అని, అవ్వ "చెప్తే ఇనపడ్లేదా" అని అంటే అది ఏం చదువుతుంది? "కూచో, ఆగు, రా, వదులు, చాలు" అని ఒక కాగితం మీద రాసి గోడకు అంటించు. అవ్వతో మాత్రం వాదించకు.

తిండి గిన్నెలో పోసి ముందు పెట్టడం మానెయ్. సగం తిండి పెరట్లో గడ్డిలో చల్లు, పాత అట్టపెట్టెల్లో దాచు, ముక్కుతో వెతుక్కోనీ. అలా వాసన పట్టుకుని వెతకడం దాని బుర్రకు మంచి పని. రాగి సంగటి పెట్టొచ్చు, గుడ్డు, మాంసం, పెరుగు తోడుండాలి. ఉల్లిపాయ పడ్డ పులుసు, ద్రాక్ష, ఉడికిన కోడి ఎముకలు వద్దు.

తర్వాత పగ్గం. 10 మీటర్ల తేలికైన తాడు, నడుముకు వేసే హార్నెస్‌కు కట్టు, మెడకు వద్దు. తోటలోకి, వీధిలోకి పగ్గం లేకుండా ఆరు నెలలు వదలకు. ఎందుకంటే వెంటపడటం దానికి అన్నిటికంటే పెద్ద బహుమతి. ఒక్కసారి గొర్రెల్ని చెదరగొట్టిందంటే నువ్వు వారం నేర్పింది పోయినట్టే. బైకుల సంగతీ ఇదే. పల్లెల్లో ఇలాంటి కుక్కల ప్రాణాలు ఎక్కువగా టైరు కిందే పోతాయి, బండి మీదున్న వాళ్ల చేతులూ కాళ్లూ విరుగుతాయి. దూరంగా బైకు కనిపించగానే, అది ఒంగకముందే, "రా" అని పిలిచి గుడ్డు ముక్క పెట్టు. ఒంగాక పిలిస్తే వినదు.

ఎండ గురించి నీకు నేను చెప్పేదేముంది. కడప జిల్లాలో ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే. ఈ కుక్కకు రెండు పొరల బొచ్చు. పాపం అని గొరిగించొద్దు, ఆ బొచ్చే ఎండను కొంత ఆపుతుంది. దువ్వి రాలిన బొచ్చు తీసెయ్, చాలు. నడక తెల్లారి 5, 6 గంటల మధ్య, మళ్లీ బాగా పొద్దుగూకాక. సిమెంటు రోడ్డు మీద నీ అరచేతి వెనుక భాగం 7 సెకన్లు పెట్టలేకపోతే దాని పాదాలూ పెట్టలేవు. ఈ జాతితో ఇంకో చిక్కుంది. వడదెబ్బ తగులుతున్నా ఆట ఆపదు, నువ్వే ఆపాలి. నాలుక బాగా బయటికి వచ్చి, చిగుళ్లు ఎర్రగా కంది, తూలుతుంటే ఆసుపత్రికి బయల్దేరే ముందే బోరు నీళ్లతో ఒళ్లంతా తడిపి గాలి తగలనివ్వు. తడిపాకే బండెక్కించు. కాలువలో మాత్రం దింపకు, లింగాల కాలువకు నీళ్లు వదిలినప్పుడు ఆ సిమెంటు గట్టెక్కి రావడం మనిషికే కష్టం.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట, అందుకే తీరిగ్గా చదువు. పిడుదులు పట్టాయని మన పల్లెల్లో చాలామంది గొర్రెలకు వేసే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్‌నే కుక్కకూ పొడిచేస్తారు. దుకాణంలో చవక, అందుబాటులో ఉంటుంది. కోలీ జాతుల కుక్కల్లో కొన్నిటికి ఎం.డి.ఆర్.1 అనే జన్యువు దెబ్బతిని ఉంటుంది. మెదడులోకి మందు చేరకుండా తోసేసే కాపలాదారు లాంటిది ఆ జన్యువు చేసే పని. అది లేకపోతే ఎక్కువ మోతాదు ఐవర్‌మెక్టిన్ నేరుగా మెదడుకెళ్తుంది. చొంగ కారడం, తూలడం, కంటిపాప పెద్దదై చూపు పోవడం, కోమా, చావు. పెద్ద బొచ్చు రఫ్ కోలీల్లో 10కి 7 కుక్కల్లో ఈ లోపం ఉంటుంది. ఆస్ట్రేలియన్ షెపర్డ్‌ల్లో సుమారు సగం, జర్మన్ షెపర్డ్‌ల్లో 10కి ఒకటి. బోర్డర్ కోలీల్లో తక్కువే, 5 శాతం లోపు. కానీ "బోర్డర్ కోలీ" అని అమ్మిన పిల్ల నిజంగా ఏ జాతుల కలయికో నీకూ తెలీదు, అమ్మినవాడికీ తెలీదు. కాబట్టి డాక్టర్ చూడకుండా ఈ మందు వద్దు. మందకు మందు తాగించిన రోజు ఒలికింది నాకకుండా, పెంట తినకుండా కుక్కను కట్టేసి ఉంచు.

పిడుదుల్ని వదిలెయ్యమని కాదు, వాటివల్ల వచ్చే జ్వరాలు రక్తాన్నే తినేస్తాయి. కుక్కల కోసమే చేసిన మందులున్నాయి, పశువుల ఆసుపత్రిలో బరువు తూచి రాయించుకో. కేసు పెద్దదైతే ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది. రేబిస్ టీకా ఏటా తప్పదు. జులై 6న ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు, ఊళ్లో మిగతా కుక్కల్నీ తీసుకెళ్తే నీ కుక్కకూ మంచిదే.

ఇది చదివి "మాది జర్మన్ షెపర్డ్, మాకేం" అనుకునేవాళ్లకు ఒక మాట. అదీ గొర్రెల కుక్కే. 1899లో జర్మనీలో ఆ జాతికి రూపం ఇచ్చింది పోలీసుల కోసం కాదు. గొర్రెలు పక్క చేలో పంట ముట్టకుండా గట్టు వెంట రోజంతా అటూ ఇటూ నడవడం దాని పని. (మన దగ్గర వేరుశనగ చేల గట్ల మీద అలాంటివి నాలుగుంటే ఎన్ని పంచాయితీలు తప్పేవో!) దాన్ని తెచ్చి గేటు దగ్గర రెండడుగుల గొలుసుకు కట్టి, వచ్చిపోయే వాళ్లందరి మీదా మొరుగుతోందని తిట్టడం ఏం న్యాయం?

కొనాలనుకుంటున్నవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోండి. 8 వారాలు నిండని పిల్లను అమ్మడం 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం నేరం. నెల పిల్లను అట్టపెట్టెలో పెట్టి బస్సులో పంపిస్తామనే వాడి దగ్గర కొనొద్దు. తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గర ఆ నాలుగు వారాల్లోనే ఎంత గట్టిగా కరవొచ్చో పిల్ల నేర్చుకుంటుంది.

తమ్ముడూ, ఇవన్నీ చేశాక కూడా నీకు ఆఫీసు మీటింగుల మధ్య రోజుకు రెండు గంటలు దొరకకపోతే, అప్పుడు ఇచ్చెయ్, తప్పు లేదు. మందకు కాదు. ఈ జాతి తెలిసినవాళ్లకు, ఇల్లు చూసి, టీకాల పుస్తకం చేతికిచ్చి, చెడ్డ అలవాట్లు కూడా దాచకుండా చెప్పి. ముందు మాత్రం గొర్రెలాయన దగ్గరికి వెళ్లి, దెబ్బతిన్న జీవాలుంటే ఆ డబ్బు కట్టి రా, నాయనను కూడా వెంట తీసుకెళ్లు. మూడు వారాలు పగ్గం, గోడ మీద కాగితం, గడ్డిలో తిండి. పిల్లల మడమల సంగతి ఎలా ఉందో ఆ తర్వాత మెసేజ్ పెట్టు.