యంత్ర సంగీతము – స్త్రీకి దక్కవలసిన పేరు

మన మోపిదేవికి కొద్ది దూరములోనే మువ్వ, కూచిపూడి గ్రామములున్నవి. ఒకటి క్షేత్రయ్య పేరుతోను, మరొకటి సిద్ధేంద్రయోగి పేరుతోను ప్రసిద్ధికెక్కినవి. ఈ రెండు ఊళ్ళ కీర్తిలో ఆలోచింపదగిన విషయమొకటి కలదు. క్షేత్రయ్య పదములలో మనసు విప్పి మాట్లాడునది నాయిక, వ్రాసినది పురుషుడు. వాటిని తరతరములు పాడి, అభినయించి, కాపాడిన కళావంతులకు సంఘములో మన్నన దక్కలేదు. కూచిపూడి భామాకలాపములో జడ విసరునది సత్యభామ. ఆ వేషము కట్టినది పురుషుడు. స్త్రీ హృదయమే కళకు వస్తువైనది గాని, ఆ కళపై స్త్రీకి అధికారము మాత్రము చాలకాలము లేకపోయినది.

ఇరవయ్యవ శతాబ్దములో ఈ కట్టు సడలినది. కూచిపూడిలో పుట్టిన వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించి, ఎందరో బాలికలకు ఆ విద్య నేర్పినారు. యామినీ కృష్ణమూర్తి వంటివారు దానిని దేశదేశముల రంగస్థలములకు చేర్చినారు. ఆడపిల్లలు అడుగిడినందువలన కళ చెడిపోలేదు. నాలుగు దిక్కులకు వ్యాపించినది. ఈ సంగతి ముందుగా జ్ఞాపకము చేయుటకు కారణమున్నది. నేడు మరియొక కళ మన విద్యార్థుల చేతిలోనికి వచ్చినది. అదియే ఎలక్ట్రానిక్ సంగీతము. దానియందును పాత పొరపాటే మరల జరుగుచున్నదని మా అభిప్రాయము.

ఎలక్ట్రానిక్ సంగీతమనగానే పెండ్లి ఊరేగింపులో గుండెలదరగొట్టు డి.జె. పెట్టెలే చాలమందికి గుర్తుకు వచ్చును. అది ఆ మహానదిలో ఒక పాయ మాత్రమే. తీగనుండియో, తోలునుండియో, వేణువునుండియో గాక, విద్యుత్ కంపనమునుండి నాదమును పుట్టించుట దీని మొదటి పద్ధతి. లోకములోని ఏ చప్పుడునైనను పట్టి, కోసి, అతికి, సాగదీసి సంగీతముగా మలచుట రెండవ పద్ధతి. 1948లో పారిస్ నగరమున పియర్ షేఫర్ రైలుబండి చప్పుళ్ళతోనే ఒక రచన చేసినాడు. అంతకు ముందే, 1944లో, కైరో నగరమున హలీమ్ అల్ దబ్ అను యువకుడు ‘జార్’ అను తంతులో స్త్రీలు పాడు పాటలను తీగపై ధ్వనిముద్రణ చేసి, వాటిని మార్చి కొత్త రచన సృష్టించినాడు. అతని ప్రతిభను మేము తక్కువ చేయుటలేదు. కాని గమనింపుడు: గొంతులు స్త్రీలవి, చరిత్రలో నిలిచిన పేరు పురుషునిది.

యంత్రము తమ చేతికి వచ్చినప్పుడు స్త్రీలు ఏమి చేయగలిగినారో, వారికి ఏమి దక్కినదో ఇంగ్లండులోని రెండు ఉదాహరణములు చెప్పును. 1958లో బి.బి.సి. రేడియోఫోనిక్ వర్క్‌షాపును నెలకొల్పినవారిలో డాఫ్నీ ఓరమ్ ముఖ్యురాలు. కోరిన స్వేచ్ఛ అచ్చట లభింపకపోగా 1959లోనే ఉద్యోగము వదలి, కెంట్ ప్రాంతములో స్వంత ధ్వనిశాల పెట్టుకొన్నారు. ఫిల్ముపై గీసిన గీతలను నాదముగా మార్చు ఒక యంత్రమును నిర్మించినారు. 1962లో గుల్బెంకియన్ ఫౌండేషన్ ఇచ్చిన ఆర్థిక సహాయము ఆ పనికి ఊపిరి పోసినది. ఒక స్వతంత్ర కళాకారిణికి పొగడ్త కంటె గది, పరికరము, కొంత ధనము ఎంత అవసరమో ఇందువలన తెలియుచున్నది.

రెండవవారు డెలియా డెర్బీషైర్. కేంబ్రిడ్జిలో గణితము, సంగీతము చదివి డెక్కా రికార్డుల కంపెనీలో ఉద్యోగమడుగగా, ధ్వనిముద్రణశాలలలో స్త్రీలను నియమింపమని సమాధానము వచ్చినది. పిదప బి.బి.సి.లో చేరి, 1963లో ‘డాక్టర్ హూ’ అను టెలివిజన్ ధారావాహికకు శీర్షిక సంగీతమును సిద్ధపరచినారు. ఒక్కొక్క స్వరమును వేరు వేరుగా టేపుపై నిలిపి, కత్తిరించి, అతికి కూర్చిన పని అది. బాణీ వ్రాసిన రాన్ గ్రెయినర్ దానిని విని ఆశ్చర్యపడి, రాబడిలో సగము ఆమెకీయవలెనని కోరినాడు. సంస్థ నిబంధనలు ఒప్పుకొనలేదు. ఆమె 2001లో మరణించినారు. ఆ ధారావాహికలో ఆమె పేరు తెరమీద కనిపించినది 2013లో, అనగా ఏబది ఏండ్ల తరువాత. మీట నొక్కినచో సంగీతము దానంతట అదే వచ్చునని, ఇందులో విద్య ఏమున్నదని అడుగువారికి ఈ కథ సమాధానము. ప్రతిభయున్నచో ఎవరి ప్రోత్సాహము లేకనే పైకి వత్తురనువారికి కూడ ఇదియే సమాధానము.

ఇది పరదేశముల ముచ్చట అనుకొనరాదు. 1969లో అహమ్మదాబాదు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో, అమెరికా సంగీతజ్ఞుడు డేవిడ్ ట్యూడర్ సహాయముతో మూగ్ సింథసైజరుతో కూడిన ధ్వనిశాల ఏర్పడినది. అచ్చట రచనలు చేసినవారిలో గీతా సారాభాయి ఒకరు. ఆమె పఖవాజ్ నేర్చిన విదుషి. 1946లో న్యూయార్కులో జాన్ కేజ్‌కు మన సంగీతమును బోధించి, ఆయనవద్ద పాశ్చాత్య సంగీతము నేర్చినారు. మనస్సును ప్రశాంతపరచుటయే సంగీత ప్రయోజనమను భావమును కేజ్ ఆమెవద్దనే గ్రహించినాడు. 1972 నాటికి ఆ ధ్వనిశాల మూగబోయినది. టేపులు దశాబ్దములపాటు భద్రపరచిన చోటనే పడియుండగా, పాల్ పర్గస్ అను కళాకారుడు వాటిని వెలికి తీసినాడు. 2023లో అవి రికార్డుగా విడుదలైనవి. అప్పటికి గీతా సారాభాయి లేరు, 2011లోనే కన్నుమూసినారు.

ఈ మూడు కథలకు ముందే ఒక స్త్రీ యంత్రమునెదుట ఎట్లు నిలువవలెనో చూపినది. 1902లో కలకత్తాలో గ్రామఫోను కంపెనీవారు ధ్వనిముద్రణ చేసినప్పుడు గౌహర్ జాన్ పాట ముగించి, తన పేరును తానే ఇంగ్లీషులో గట్టిగా ప్రకటించినది. జర్మనీలో పళ్ళెము అచ్చువేయువారు సరియైన పేరు అంటించుటకు చేసిన ఏర్పాటది. అయినను ఆ చిన్న ప్రకటనలో పెద్ద నీతి ఉన్నది. పాటతో పాటు పేరు కూడ యంత్రములో నిలిచినది.

మన తెలుగునాట ఆ నీతి ఎంతవరకు పాటింపబడినది? నేపథ్య గాయనులకు మనము హారతులు పట్టితిమి. కాని సంగీత దర్శకత్వమన్న చోట స్త్రీ పేరు వెదకవలసి వచ్చును. భానుమతీ రామకృష్ణ 1954లో ‘చక్రపాణి’ చిత్రమునకు స్వయముగా సంగీతము సమకూర్చినారు. చాలకాలమునకు, 1990 దశకములో, ఎం.ఎం. శ్రీలేఖ ఆ బాధ్యతను వృత్తిగా చేపట్టి నిలిచినారు. కాలిఫోర్నియాలో తెలుగు కుటుంబమున పుట్టిన శ్వేతా రావు ‘రాజకుమారి’ అను పేర పాడుచు, తన పాటల విడుదలకు స్వంత సంస్థనే పెట్టుకొన్నారు. వేళ్ళపై లెక్కించుటకు ఇంత సులభముగా నుండుట మనకు గర్వకారణము కాదు. తక్కిన ప్రపంచము కూడ ఏమంత ముందున్నది? 1998లో వియన్నాలో ఆరంభమైన ‘ఫిమేల్ ప్రెషర్’ అను కళాకారిణుల సంఘము 2013లో ఎలక్ట్రానిక్ సంగీతోత్సవముల లెక్క తీసినది. పాల్గొన్నవారిలో స్త్రీలు నూటికి పదిమంది ఉన్నచో అదియే సగటు కంటె మేలనుకొనవలసిన స్థితి కనబడినది.

నేడు ధనము పెద్ద అడ్డంకి కాదు. ఒకనాడు గది నిండిన యంత్రము చేసిన పనిలో ఎక్కువ భాగమును నేడొక మామూలు కంప్యూటరు, ఉచితముగా దొరకు ఆడాసిటీ వంటి సాఫ్ట్‌వేరుతో చేయగలదు. చప్పుళ్ళను పట్టుటకు చేతిలోని ఫోను చాలును. పెడనలో కలంకారీ అచ్చు గుడ్డపై పడు చప్పుడు, హంసలదీవి కెరటముల హోరు, నాట్లు వేయు కూలీల పాట, అమ్మ లాలి, ఉర్దూ పలుకు ఇండ్లలో పెండ్లినాడు ఢోలక్‌పై స్త్రీలు పాడు పాటలు – ఇంతటి నిధి ఎవరికున్నది? ఈ పాటలు కట్టినవారు స్త్రీలే. వారిలో ఒక్కరి పేరైనను మనకు తెలియదు. గజల్ నడక ఎరిగిన పిల్ల, జానపదము విన్న పిల్ల ఒకే బల్లపై కూర్చుండి చదువు కళాశాల మనది. ఈ నిధికి మనకంటె తగిన వారసులెవరు?

మిగిలిన అడ్డంకి సంకోచము. ఆడపిల్లకు మైకులు, యంత్రములు ఎందుకని కొందరు పెద్దలందురు. కుట్టుమిషను యంత్రము కాదా? దానిని ఆడపిల్ల చేతికిచ్చుటకు సంకోచింపని ఇల్లు దీనికేల సంకోచింపవలె? మరియొక సంగతి. ఈ సంగీతమును చెవులకు హెడ్‌ఫోను తగిలించుకొని, ఇంటిలోనే, ఇరుగుపొరుగునకు వినబడకుండ రచింపవచ్చును. వేదిక ఎక్కుట ఇష్టములేని పిల్లకు ఇంతటి వెసులుబాటు మరే కళయందును లేదు. అయితే ఈ చాటు ఆమె కోరుకొన్నదై ఉండవలె; మనము విధించినది కారాదు. ముఖము చూపవలెనా వద్దా అనునది ఆమె ఇష్టము. పేరు వేయవలెనా వద్దా అనునది మాత్రము మన విధి.

కావున కళాశాల సంఘము పెద్దలకు మా మనవి నాలుగు మాటలు. కంప్యూటరు గదిని వారమునకు రెండు పూటలు విద్యార్థినుల సంగీతాభ్యాసమునకు విడువవలెను. ఆ సమయమున ఒక అధ్యాపకురాలు తోడుండిన తల్లిదండ్రులకు నిశ్చింత. నాలుగు మంచి హెడ్‌ఫోనులు, ఒక మైకు కొనవలెను. క్రీడా సామగ్రికి పెట్టు ఖర్చుతో పోల్చిన ఇది స్వల్పము. వార్షికోత్సవములో ఇతరుల పాటలు పాడించుటతో సరిపెట్టక, విద్యార్థినులు తామే కూర్చిన సంగీతమునకు సమయమీయవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, కళాశాల వాడుకొను ప్రతి రచనకు రచయిత్రి పేరు వేసి, బయటకు ఇచ్చునప్పుడు ఆమె అనుమతి తీసికొని, పారితోషికము వచ్చినచో ఆమెకే చెల్లింపవలెను.

విద్యార్థి సోదరులకు కూడ ఒక మాట. యంత్రము దగ్గర మీరు కూర్చుండి, పాడుటకు మాత్రమే సోదరిని పిలుచు అలవాటును మానుకొనుడు. తీగలు కలుపుట, స్థాయి సరిచూచుట, ముద్రణ చేయుట ఆమెకు నేర్పుడు, ఆమెవద్ద నేర్చుకొనుడు. విద్యార్థినీ సోదరీ! నీ మొదటి రచన లోపములతోనే ఉండవచ్చును. దానిని దాచకుము, దానిపై నీ పేరు వ్రాయుము.

రాబోవు వార్షికోత్సవ కార్యక్రమ పత్రములో ‘గానము’ అను మాట ప్రక్కనే గాక, ‘సంగీత రచన’ అను మాట ప్రక్కన కూడ మన విద్యార్థిని పేరు అచ్చుపడవలెనని మేము కోరుచున్నాము. అందుకు కావలసినది ఒక గది తాళము, కొన్ని గంటల కాలము, పెద్దల సమ్మతి. ఈ మూడును మన చేతిలోనివే.